కుళ్ళిన వంకాయలో దొరికిన మందు

పోయిన వేసవిలో ఒకావిడ మా ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చారు. చేతిలో ఒక కాగితం. వాళ్ళాయన కాలి పుండు తాలూకు కల్చర్ రిపోర్టు అది. ఆయనకు షుగరు ఉంది. పొలంలో ముల్లు గుచ్చుకుంది. మూడు నెలలైనా పుండు మానలేదు. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. కాగితం నా ముందు పెట్టి ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ ఆర్. ఇక్కడా ఆర్. కిందంతా ఆరే. పాసయినట్టా, ఫెయిలయినట్టా మేడమ్?" అని అడిగారు.

పుండులోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూడటమే కల్చర్. ఆర్ అంటే రెసిస్టెంట్. ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగదు అని అర్థం. ఎస్ అంటే సెన్సిటివ్. లొంగుతుంది అని అర్థం. ఆవిడ కాగితంలో పద్దెనిమిది మందుల పేర్లున్నాయి. పదహారింటికి ఎదురుగా ఆర్ ఉంది. ఎస్ ఉన్నవి రెండే రెండు. వాటిలో ఒకటి మూత్రపిండాలకు ఇబ్బంది తెచ్చే మందు. నేను చెప్పిందంతా విని ఆవిడ ఒకే మాట అడిగారు. "ఈ రెండూ పనిచెయ్యకపోతే ఇంకేమీ లేదా?"

ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఈ వేళ మీ అందరికీ చెబుతాను.

మీలో వ్యవసాయం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. మందుకు లొంగకపోవడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పత్తి మీద శనగపచ్చ పురుగు గుర్తుందా? 1980ల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని డబ్బాలు కొట్టినా ఆ పురుగు చావలేదు. కొట్టిన ప్రతిసారీ బలహీనమైన పురుగులు చచ్చాయి. మందుకు తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవే పిల్లల్ని పెట్టాయి. చివరికి చేనంతా తట్టుకునే పురుగే అయింది.

మన ఒంట్లోనూ జరిగేది ఇదే. జలుబుకి యాంటీబయాటిక్ వేసుకుంటాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఈ మందు పనిచెయ్యదు. అయినా వేసుకుంటాం. అసలు అవసరమైనప్పుడేమో డాక్టరుగారు ఐదు రోజులు రాస్తే రెండు రోజులకే ఆపేస్తాం. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో, నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలోనే ఈ సంగతి హెచ్చరించాడు. చాలీచాలని మోతాదు వేస్తే సూక్ష్మజీవికి తట్టుకోవడం నేర్పినట్టేనన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళకే ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది అది. అమెరికాలో ఆ మందు బయటపడిన లెడర్లీ పరిశోధనశాలకు అప్పుడు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన ఎంత శ్రమపడి ఆ మందుల్ని లోకానికి ఇప్పించారో తలుచుకుంటే, మనం వాటిని పాడుచేసుకున్న తీరుకి నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఎంతగా పాడుచేసుకున్నామో ఒక లెక్క చెబుతాను. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్ళు 2019లో ప్రపంచం మొత్తం మీద పన్నెండు లక్షల డెబ్బై వేల మంది అని అంచనా. ఒక్క ఏడాదిలో, పన్నెండు లక్షల డెబ్బై వేల మంది.

ఇప్పుడు మళ్ళీ పొలానికే వెళ్దాం. మందు కొట్టడం ఒక్కటే దారి కాదని వ్యవసాయాధికారులు మీకు చెబుతూనే ఉంటారు. మిత్రపురుగుల్ని వదలమంటారు. ట్రైకోగ్రామా కార్డులు చూశారు కదా? వరిలో కాండం తొలిచే పురుగుకీ, చెరకులో పీక పురుగుకీ ఆ కార్డు ముక్కల్ని ఆకుల అడుగున గుచ్చుతారు. ఆ కార్డు మీది గుడ్లలోంచి కంటికి ఆనీ ఆనని కందిరీగలు వస్తాయి. అవేం చేస్తాయి? శత్రుపురుగు పెట్టిన గుడ్డు వెతుక్కుని, ఆ గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. ఆ గుడ్డులోంచి శత్రువు పిల్ల రాదు. కందిరీగ పిల్ల వస్తుంది. ఆకుకి హాని లేదు. కంకికి హాని లేదు. మనిషికి హాని లేదు.

బ్యాక్టీరియాకి కూడా సరిగ్గా అలాంటి శత్రువు ఉంది. దాని పేరు బ్యాక్టీరియోఫేజ్. బ్యాక్టీరియాను తినేది అని ఆ పేరుకి అర్థం. ముద్దుగా ఫేజ్ అంటాం. ఇది కూడా వైరసే. వైరస్ అనగానే భయపడకండి. ఇది మనుషుల జోలికి రాదు, బ్యాక్టీరియా జోలికే వెళుతుంది.

దీని ఆకారం చెబితే మీకు బొమ్మ కళ్ళకు కడుతుంది. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఉంటుంది చూడండి, పైన పెద్ద తల, కింద కాళ్ళు. చాలా ఫేజ్‌లు ఇంచుమించు అలాగే ఉంటాయి. ఆ కాళ్ళతో బ్యాక్టీరియా మీద వాలుతుంది. లోపలికి తన జన్యుపదార్థాన్ని, అంటే తన విత్తనాన్ని, ఎక్కిస్తుంది. ఇక ఆ బ్యాక్టీరియా తన పని మానేసి ఫేజ్ పిల్లల్ని తయారుచెయ్యడంలో పడుతుంది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై మీద వాలే ఒక ఫేజ్ ఉంది. దానికి అరగంట చాలు. అరగంటలో బ్యాక్టీరియా పగిలిపోతుంది. నూటికి పైగా కొత్త ఫేజ్‌లు బయటికి వస్తాయి. ఒక్కోటీ ఇంకో బ్యాక్టీరియాను వెతుక్కుంటుంది. మామూలు మందు వేసుకున్నాక ఒంట్లో తరిగిపోతూ వస్తుంది. ఇది శత్రువు ఉన్నంతసేపూ పెరుగుతుంది. శత్రువు అయిపోతే ఇదీ పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఒక ఫేజ్ అన్ని బ్యాక్టీరియాల మీదా వాలదు. సాధారణంగా ఒక్క జాతి మీదే వాలుతుంది. ఆ జాతిలో కూడా కొన్ని రకాల మీదే వాలుతుంది. మీ ఇంటి తాళంచెవి పక్కింటి తాళానికి పట్టదు కదా, అలాగన్నమాట.

పాలడైరీల వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పెరుగు, చీజు తయారయ్యేది మంచి బ్యాక్టీరియా వల్ల. మనం తోడు అంటామే, అదే. పెద్ద డైరీల్లో ఒక్కోసారి వేల లీటర్ల పాలకు తోడు వేస్తే తోడుకోవు. కారణం, తోడులోని బ్యాక్టీరియాకి ఫేజ్ పట్టింది. 1930ల్లో న్యూజిలాండ్ చీజు తయారీ కేంద్రాల్లో ఈ గొడవ కనిపెట్టారు. దానికి డైరీవాళ్ళు చేసేదేమిటంటే తోడు మారుస్తారు. వేరే రకం బ్యాక్టీరియాతో తోడు వేస్తారు. పాత ఫేజ్ కొత్త తోడుని ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే ఆ తాళంచెవి దీనికి పట్టదు. డైరీకి ఇది తలనొప్పి. కానీ జబ్బు మనిషికి ఇదే గుణం వరం. పుండులోని చెడ్డ బ్యాక్టీరియా చస్తుంది, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా బతుకుతుంది.

ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన విద్య అనుకోకండి. నూరేళ్ళు దాటింది. 1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్ మొదట గమనించాడు. 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ దీనికి పేరు పెట్టాడు. 1919లో జిగట విరేచనాలతో తీసుకుంటున్న ఒక పిల్లవాడికి ఇచ్చాడు. ఇచ్చే ముందు హాని ఉందేమోనని తను తాగి చూశాడు. తోటి డాక్టర్ల చేతా తాగించాడు. ఆ తర్వాతే పిల్లవాడికి పట్టించాడు. పిల్లవాడు కోలుకున్నాడు.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. డెరెల్ 1927లో ఇక్కడికి వచ్చాడు. పంజాబ్ పల్లెల్లో కలరా రోగులకు ఫేజ్ ఇచ్చాడు. ఆ తర్వాత పాట్నాలోనూ, అస్సాంలోనూ కొన్నేళ్ళ పాటు ఈ పరిశోధన సాగింది. అంతకు ముందే, 1896లో, ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే ఆయన గంగ నీళ్ళలో కలరా సూక్ష్మజీవి చచ్చిపోతోందనీ, కాచిన నీళ్ళకి ఆ శక్తి లేదనీ రాశాడు. అది ఫేజ్ పనేనా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. గంగ నీళ్ళు తాగితే జబ్బులు పోతాయని దీన్ని పట్టుకుని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఆ నీళ్ళలో మురుగూ ఉంటుంది.

మరి ఇంత మంచి విద్య ఎందుకు మూలపడింది? పెన్సిలిన్ వచ్చింది. ఏ బ్యాక్టీరియా అని ఆరా తీసే పని తప్పింది. ఒకే మందు పది జబ్బులకి. ఇక తాళానికి తగ్గ తాళంచెవి వెతికే ఓపిక ఎవరికుంటుంది? అయితే సోవియట్ దేశంలో, ముఖ్యంగా జార్జియాలో, ఈ వైద్యం ఆగలేదు. అక్కడ టిబిలిసీ నగరంలో జార్జి ఎలియావా 1923లో ఒక సంస్థ పెట్టాడు. డెరెల్ కూడా వెళ్ళి ఆయనతో కలిసి పనిచేశాడు. 1937లో స్టాలిన్ పాలనలో ఎలియావాను కాల్చి చంపారు. మనిషి పోయాడు గానీ సంస్థ నిలిచింది. ఈ రోజుకీ అక్కడ ఫేజ్ వైద్యం చేస్తున్నారు.

ఇప్పుడు మిమ్మల్ని ల్యాబులోకి తీసుకెళతాను. నాకు ఎప్పుడు చూసినా విసుగు పుట్టని దృశ్యం ఒకటి ఉంది. అరచేతిలో పట్టే గాజు పళ్ళెం. అందులో జున్నులా గడ్డకట్టిన ఆహారం. దాని మీద బ్యాక్టీరియాను పల్చగా పరుస్తాం. ఒక రాత్రి వెచ్చగా ఉంచితే పళ్ళెమంతా పల్చటి మీగడ కట్టినట్టు బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియాతో పాటు, బాగా వడగట్టిన మురుగునీటి చుక్క కూడా వేశామనుకోండి. అవును, మురుగునీరే. ఆసుపత్రి వెనక కాలువ నీరు. ఎక్కడ బ్యాక్టీరియా ఎక్కువో అక్కడే దాన్ని తినేవీ ఎక్కువ. మర్నాడు పొద్దున మూత తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, ఆ మీగడలో అక్కడక్కడ చిల్లులు. చిన్న చిన్న గుండ్రటి చిల్లులు, జొన్నగింజంత. చిల్లు ఉన్నచోట బ్యాక్టీరియా లేదు. ఫేజ్ తినేసింది. మొదటిసారి చూసిన పిల్లలు ఆ పళ్ళేన్ని కింద పెట్టరు.

ఆ చిల్లు నుంచే మందు మొదలవుతుంది. సూదిమొనతో అక్కడ తాకి, ఆ ఫేజ్‌ను పెంచి, శుద్ధి చేసి, రోగికి ఇస్తారు. శుద్ధి అనే మాట చిన్నదిగా వినబడుతుంది గానీ పని చిన్నది కాదు. పగిలిన బ్యాక్టీరియా ముక్కల్లో విషాలుంటాయి. అవి రక్తంలోకి వెళితే ప్రమాదం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాను వెంటనే చంపవు. లోపల దాక్కుంటాయి. కలరా సూక్ష్మజీవి విషం కక్కేది అలా దాక్కున్న ఒక ఫేజ్ ఇచ్చిన జన్యువుల వల్లే. అలాంటివి మందుకి పనికిరావు. అందుకే, మళ్ళీ చెబుతున్నాను, ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

ఇక ఒక మనిషి కథ చెబుతాను. టామ్ ప్యాటర్సన్ అనే అమెరికా ప్రొఫెసరు 2015 నవంబరులో భార్యతో ఈజిప్టు చూడ్డానికి వెళ్ళారు. అక్కడ జబ్బుపడ్డారు. కడుపులో చీము. అందులో అసినెటోబ్యాక్టర్ అనే మొండి బ్యాక్టీరియా. మన ఐసీయూల్లో పనిచేసే డాక్టర్లకి ఈ పేరు చెబితే ముఖం వాడిపోతుంది, అంత మొండిది. ఆయన్ని శాన్‌డియాగో తీసుకెళ్ళారు. మందులన్నీ ఆర్. నెలలు గడిచాయి. మనిషి కోమాలోకి వెళ్ళిపోయారు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ కూడా శాస్త్రవేత్తే. ఆవిడ పాత పరిశోధనలు తవ్వి ఫేజ్ సంగతి తెలుసుకున్నారు. ఫేజ్‌ల మీద పనిచేసే వాళ్ళందరికీ ఉత్తరాలు రాశారు. టెక్సాస్‌లో ఒక విశ్వవిద్యాలయం, అమెరికా నౌకాదళం వాళ్ళ ల్యాబు ముందుకొచ్చాయి. మురుగులోంచీ, పశువుల పేడలోంచీ వెతికారు. ఆయన ఒంట్లోని ఆ బ్యాక్టీరియానే ముందర పెట్టుకుని, దాని మీద వాలే ఫేజ్ ఏదో పట్టుకున్నారు.

2016 మార్చిలో మందు ఎక్కించారు. కొద్ది రోజులకి ఆయన కళ్ళు తెరిచారు. పక్కన ఉన్న కూతురి చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకున్నారు. అయితే కథ అంతటితో సుఖాంతం కాలేదు. కొన్నాళ్ళకి ఆ బ్యాక్టీరియా ఫేజ్‌కి కూడా లొంగడం మానేసింది. మళ్ళీ కొత్త ఫేజ్ వెతికారు. దానితో పాటు ఒక యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. రెండూ కలిసి పనిచేశాయి. ఆ ఆగస్టులో ఆయన ఇంటికి వెళ్ళారు.

రెండూ కలిసి పనిచేశాయి అన్నాను. దీని వెనక ఒక చమత్కారం ఉంది. ఫేజ్ తన మీద వాలకుండా బ్యాక్టీరియా తన పై తొడుగు మార్చుకుంటుంది. ఆ తొడుగు పోయేసరికి ఇంతకుముందు లొంగని మందుకి కొన్నిసార్లు లొంగుతుంది. ముందు తలుపు మూస్తే దొడ్డి తలుపు తెరుచుకున్నట్టు. బెల్జియం వాళ్ళు వంద మంది రోగుల అనుభవాన్ని 2024లో ప్రకటించారు. నూటికి డెబ్బై ఏడు మందిలో జబ్బు మెరుగైంది. నూటికి అరవై ఒక్కమందిలో ఆ బ్యాక్టీరియా జాడ లేకుండా పోయింది. ఫేజ్‌తో పాటు యాంటీబయాటిక్ వాడనివాళ్ళలో అలా పూర్తిగా పోవడం బాగా తక్కువ. కాబట్టి ఫేజ్ వచ్చింది, యాంటీబయాటిక్ పోయింది అనుకోకండి. రెండూ జోడెడ్లు.

ఇప్పుడు వంకాయ కథ. లండన్‌లో పదిహేనేళ్ళ అమ్మాయి. ఊపిరితిత్తులు పాడైతే 2017లో కొత్తవి అమర్చారు. ఆ తర్వాత క్షయ బ్యాక్టీరియాకి దాయాది లాంటిది ఒకటి ఒంటినిండా పాకింది. ఆపరేషను గాయం మానదు. చర్మం మీద పుండ్లు. మందులు పనిచెయ్యవు. ఆమె బ్యాక్టీరియాని అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కి, గ్రాహమ్ హాట్‌ఫుల్ అనే ప్రొఫెసరుకి పంపారు. ఆయన దగ్గర వేల కొద్దీ ఫేజ్‌లు దాచి ఉన్నాయి. అవి చాలావరకు కాలేజీ పిల్లలు తమ ఊరి మట్టిలోంచి తెచ్చినవి. అన్నిట్లో వెతికితే ఆ అమ్మాయి బ్యాక్టీరియాను బాగా చంపే ఫేజ్ సహజంగా దొరికింది ఒక్కటే. దాన్ని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 2010లో ఒక విద్యార్థిని పట్టుకుంది. ఎక్కడో తెలుసా? కుళ్ళిన వంకాయ అడుగున. ఇంకో రెండు ఫేజ్‌ల జన్యువుల్ని కాస్త సవరించి, మొత్తం మూడు కలిపి ఇచ్చారు. ఆమె గాయాలు మానాయి. మళ్ళీ బడికి వెళ్ళింది.

కుళ్ళిన వంకాయ అడుగున ఏముందో చూడాలని ఆ డర్బన్ పిల్లకి తోచడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ తర్వాత అది ఎవరికి పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఓడిపోయిన కథలు కూడా చెప్పాలి. యూరప్‌లో కాలిన గాయాల మీద ఒక పరీక్ష చేశారు. అందులో ఫేజ్ మామూలు పూత మందుకంటే వెనకబడింది. నిల్వలో ఫేజ్‌లు చచ్చిపోయి, రోగికి చేరింది అనుకున్నదానికంటే ఎంతో తక్కువ. కొందరి ఒంట్లో ఉన్న రకం అంత తక్కువ ఫేజ్‌కి లొంగలేదు. అంటే ఆ తాళానికి ఆ తాళంచెవి సరిగ్గా పట్టలేదు.

చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాం. గెలిచిన చోట ఏం చేశారు? రోగి ఒంట్లోని బ్యాక్టీరియాను ముందు పట్టుకున్నారు. ఓడిన చోట? తాళం సరిచూసుకోలేదు. నేను ఈ వేళ మీకు చెప్పదలుచుకున్న ఒక్క మాట ఇదే. ముందు కల్చర్. తర్వాత మందు.

మన దగ్గర ఫేజ్ ఇంకా మందుల షాపులో దొరికే మందు కాదు. పరిశోధనలు జరుగుతున్నాయి. కాశీలో, హిందూ విశ్వవిద్యాలయంలో మానని పుండ్ల మీద పనిచేశారు. మంగళూరు శాస్త్రవేత్తలు రొయ్యపిల్లల్ని చంపే విబ్రియో బ్యాక్టీరియా మీద హేచరీల్లో ఫేజ్‌లు వాడి చూశారు. గోదావరి జిల్లాల రొయ్యల రైతులు ఈ పని మీద ఒక కన్నేసి ఉంచాలి, ఎందుకంటే యాంటీబయాటిక్ ఆనవాలున్న రొయ్యను కొనేవాడు ఒడ్డునే తిప్పి పంపుతాడు. నీళ్ళలోకి వెళ్ళిన యాంటీబయాటిక్ కొన్నిసార్లు అక్కడే ఉండిపోతుంది. 2007లో పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్ళు తాగి పెరిగిన బ్యాక్టీరియా ఎంత మొండిదవుతుందో మీరే ఊహించండి.

కాబట్టి ఫేజ్ వచ్చేదాకా ఏం చెయ్యాలి? నాలుగు ముక్కలు చెబుతాను, నెమ్మదిగా వినండి. మానని పుండుకీ, మళ్ళీ మళ్ళీ వచ్చే మూత్రంలో మంటకీ, తగ్గని జ్వరానికీ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోకండి. డాక్టరుగారిని ఒక మాట అడగండి. "కల్చర్ చేయిద్దామా అండీ?" అనండి. ఆయన ఏమీ అనుకోరు. శాంపిల్ మొదటి మాత్ర పడకముందే ఇవ్వాలి. మాత్ర పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా సగం చచ్చి, పళ్ళెంలో పెరగకపోవచ్చు. అప్పుడు కాగితం మీద ఏమీ లేదని వస్తుంది, జబ్బు మాత్రం ఉంటుంది. మూత్రమైతే, మొదటి ధార వదిలేసి మధ్య ధార, ల్యాబువాళ్ళు ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లోని సీసాలో వద్దు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ప్రాణం మీదికి వచ్చిన జబ్బయితే అన్నాళ్ళు ఆగరు. శాంపిల్ తీసుకుని వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక మారుస్తారు. అది సరైన పద్ధతే.

ఆ కాగితం పారేయకండి. ఎస్ ఎక్కడుంది, ఆర్ ఎక్కడుంది అన్నది మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. తర్వాత చూసే డాక్టరుకి అది అక్కరకొస్తుంది. రేపు ఫేజ్ వైద్యం మన జిల్లా ఆసుపత్రికి వచ్చినా, వాళ్ళు మొదట అడిగేది ఏ బ్యాక్టీరియా అనే.

కిటికీ దగ్గరికి వచ్చిన ఆవిడ సంగతి చెప్పలేదు కదా. ఎస్ ఉన్న రెండు మందుల్లో రెండోది డాక్టరుగారు రాశారు. పుండు రోజూ కడిగి కట్టు కట్టారు, షుగరు అదుపులోకి తెచ్చారు. రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. కాలు దక్కింది. ఈ మధ్య ఆయనకి మళ్ళీ మడమ దగ్గర చిన్న పుండు లేచింది. ఈసారి ఆవిడ మాత్ర వెయ్యకముందే, మూడో రోజునే వచ్చారు. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో రేషను కార్డు, ఆధారు కార్డు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పాత కల్చర్ రిపోర్టు. "ఇది ముందర చూడండి మేడమ్" అన్నారు.